పంపు గది వెనక మూల

“వెనక మూల చూశావా అన్నయ్యా?” అని తోడల్లుడు అడిగితే “చూశాను” అన్నాడు పెద్దల్లుడు. పోయిన వారం మనం అతన్ని వదిలి వచ్చింది ఆ మాట దగ్గరే. ఆ మాట ఇంకా అతని గొంతులోనే ఉంది. మింగుడు పడటం లేదు, బయటికీ రావడం లేదు.

మధ్యలో ఒక వారం చదవడం తప్పినవారికి సంగతి క్లుప్తంగా చెబుతాను. ప్రసూతి ఆసుపత్రి మీద ఇంకో అంతస్తు లేవాలి. కింది స్తంభాలు పాతవి, అంత బరువు మోయలేవు. వాటికి బలం పోసే పని మామగారికి వచ్చింది. ఆయన పేరున్న మేస్త్రి. ఆయన దగ్గర ఇటుకలు మోసి, పని నేర్చి, చివరికి ఆయన పెద్దకూతుర్ని చేసుకున్నవాడు పెద్దల్లుడు. స్తంభాల చుట్టూ ఇనుము కట్టి, కాంక్రీటు పోసి లావు చేద్దామన్నాడు. నడవా ఇరుకైపోతే స్ట్రెచర్ తిరగదని డాక్టరమ్మ ఒప్పుకోలేదు. అప్పుడు చిన్నల్లుడు నోరు విప్పాడు. కార్బన్ దారాలతో నేసిన నల్లటి బట్టని రెసిన్ అనే జిగురులో తడిపి స్తంభానికి గట్టిగా చుడితే చాలన్నాడు. లావు పెరగదు, బలం పెరుగుతుంది. ఒకటే నియమం. స్తంభం మూలలు గుండ్రంగా ఉండాలి. పదునుగా ఉంటే, బరువు పడిన రోజున ఆ మూలే బట్టని లోపలినుంచి కోసేస్తుంది.

పెద్దల్లుడేమో బతుకంతా మూలని కత్తి అంచులా తీసి మెప్పు పొందినవాడు. పంపు గది స్తంభానికి వెనక మూల విరిగి ఉంటే, పూత పెట్టి బాగుచేసే పని అతనే తీసుకున్నాడు. గోడకీ స్తంభానికీ నడుమ చెయ్యి మాత్రం దూరే సందు. ఆ సందులో మూలని పదునుగా తీశాడు. చేతికి ఉన్న అలవాటు అలా చేయించిందో, కడుపులో ఉన్న మంట చేయించిందో అతనికే తెలియదు. పూత ఆరేలోగా సరిచేద్దామనుకున్నాడు. చెయ్యలేదు. దాని మీదే బట్ట చుట్టేశారు.

ఇవాళ దూలాలకి ఆసరాగా నిలిపిన ఇనుప జాకీలు విప్పే రోజు. విప్పడం పూర్తికాగానే, గోడ నిలువు చూసే తన ఇత్తడి గుండుని అల్లుళ్ళిద్దరిలో ఒకరి చేతిలో పెడతానని పెద్దాయన అందరి ముందూ అన్నారు. గుండు ఎవరికి అందితే, ఇకనుంచి పనివాళ్ళందరికీ వారే పెద్ద.

*

పెద్దల్లుడు అద్దం ముందు నిలబడి చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు. మొదటి బొత్తమే తప్పు కాజాలో పడింది. కిందిదాకా వచ్చాక గాని చూసుకోలేదు.

“పొద్దున్నే మా మరిది గారితో యుద్ధం మొదలైందా?” అంది భార్య, బట్టలు మడతపెడుతూ.

“ఎవరన్నారు?”

“మీ బొత్తాలు అంటున్నాయి.”

అతను అన్నీ విప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. “మొన్న నీ చెల్లెలు ఏమందో విన్నావుగా. వాళ్ళాయన పిల్లరుకి కట్టు కడుతుంటే డాక్టర్లు గుమిగూడి చూశారట. మేం కట్టు కడితే ఇలా కుదరదని మెచ్చుకున్నారట.”

“అది ఏదో మురిపెంగా అంది. మీరు దాన్ని జేబులో వేసుకుని, రోజూ తీసి చూసుకుంటున్నారు.”

“నేను మీ నాన్న దగ్గర ఎన్నేళ్ళు పనిచేశాను? ఒక్కనాడు భుజం మీద చెయ్యి వేశారా? వాడు పెళ్ళికొడుకై వచ్చేదాకా సిమెంటు బస్తా ఎత్తి ఎరగడు. ఇప్పుడు వాడి మాటకి నవ్వు, వాడి భుజం మీద చెయ్యి.”

“మీ భుజం మీద చెయ్యి వేయాలంటే మీరు కాసేపు నిలబడాలిగా. నాన్న కనబడితే చాలు, తాపీ పట్టుకుని అటు తిరుగుతారు.” ఆమె మడతపెట్టిన తువ్వాలు అతని చేతిలో పెట్టింది. “అయినా ఆ గుండు మీకు రాకపోతే మీరు మేస్త్రి కాకుండా పోతారా?”

“నీకు తెలీదులే.”

“తెలీకే అడుగుతున్నాను.”

అతను దేవుడి పటం ముందుకి వెళ్ళి చేతులు జోడించాడు. రోజూ ఏదో ఒకటి కోరుకునే మనిషే. ఇవాళ ఏం కోరుకోవాలో తోచలేదు. గుండు నాకే రావాలి స్వామీ అని అందామనుకున్నాడు. ఆ మాట అంటే, పంపు గది సంగతి తానే దేవుడికి గుర్తుచేసినట్టవుతుందేమోనని భయం వేసింది. ఏమీ అనకుండానే చేతులు దించుకున్నాడు.

మనం గుర్తుచేస్తే తప్ప ఆయనకి గుర్తుండదని అనుకుంటామా? అనుకోం. అయినా అప్పుడప్పుడు అలాగే ప్రవర్తిస్తాం. ఎందుకో మరి.

*

ఆసుపత్రి కింది అంతస్తులో మంచాలన్నీ తీసేసి చాలాకాలమైంది. నడవా పొడుగునా దూలాల కింద ఇనుప జాకీలు నిలబడి ఉన్నాయి. వాటి మధ్య స్తంభాలు. కొన్నిటికి నల్లటి బట్ట ఇంకా నిగనిగలాడుతోంది. కొన్నిటిమీద ఇసుక చల్లి పైపూత కూడా వేసేశారు. రెసిన్ వాసన ముక్కు పట్టేస్తోంది. అవతలి భాగంలో ఎక్కడో పసిబిడ్డ ఏడుస్తోంది. ఇంకో బిడ్డ అందుకుంది.

రెసిన్ కలిపే ఆవిడ రెండు డబ్బాల్లోని జిగుర్లని పళ్ళెంలో పోసి కలుపుతోంది. బకెట్లో కలిపితే వేడెక్కి, వాడేలోగా రాయి అయిపోతుందని చిన్నల్లుడు చెప్పిన దగ్గర్నుంచి ఆవిడ ఆ పళ్ళేన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వదు.

“కట్లాయనా!” అని కేక వేసింది. చిన్నల్లుడికి పనివాళ్ళు పెట్టుకున్న పేరు అది. “ఈ మిగిలిన నల్లదారం పీచు ఏం చెయ్యమంటారు?”

“పైపూత పలచగా ఉన్నచోట గుప్పెడు కలపమ్మా. పగుళ్ళు రావు.”

“నిన్న కలిపితే పెద్దల్లుడుగారు నన్ను ఏమన్నారో తెలుసా? ఏ క్షౌరశాల ఊడ్చి తెచ్చావే అన్నారు.”

పనివాళ్ళు నవ్వారు. పెద్దల్లుడు కూడా నవ్వాల్సి వచ్చింది, ఆ మాట అన్నది తనే కాబట్టి. చిన్నల్లుడు మాత్రం అందరికంటే గట్టిగా నవ్వాడు. “బాగుంది అన్నయ్యా, అది నాకు తట్టలేదు” అన్నాడు. తిట్టినా మెచ్చుకునేవాడితో ఎలా వేగాలి? పెద్దల్లుడికి ఒళ్ళు మండింది.

చిన్నల్లుడు చిన్న సుత్తితో ఒక్కో స్తంభాన్నీ తట్టి, చెవి ఆనించి వింటున్నాడు. బట్ట కింద గాలి మిగిలి ఉంటే డొల్ల శబ్దం వస్తుంది. ఎక్కడా రాలేదు. అన్నీ నిండుగా పలుకుతున్నాయి. పెద్దాయన అతని వెనకే నడుస్తూ, ప్రతి స్తంభం దగ్గరా తల ఊపుతున్నారు. లాల్చీ జేబులో గుండు బరువుకి ఒకవైపు గుడ్డ సాగి వేలాడుతోంది. పెద్దల్లుడి కళ్ళు ఆ జేబు మీదినుంచి కదలడం లేదు. పెద్దాయన కుడిచేయి ఒకసారి చిన్నల్లుడి భుజం మీద పడింది. ఇంకోసారి పడింది. ఇవాళ కూడా.

“చిన్నల్లుడూ!” అని పిలిచారు పెద్దాయన వెనక్కి తిరిగి.

పిలిచింది పెద్దల్లుడినే చూస్తూ. అతను కదల్లేదు.

“నిన్నేనయ్యా. పంపు గదిలో మోటారు తీసి పక్కన పెట్టించావా?”

“నేను పెద్దల్లుణ్ణి మామయ్యా. మోటారు తీయించాను.”

“ఆఁ, నువ్వే. తీయించావు కదా, మంచిది.”

నాలుక మీద వాడి పేరు తప్ప ఇంకో పేరు నిలవడం లేదు, అనుకున్నాడు పెద్దల్లుడు. ఇన్నేళ్ళ చాకిరీకి మిగిలింది ఇది. ఇంకో స్తంభం దాటారో లేదో పెద్దాయన మళ్ళీ ఆగారు.

“పంపు గదిలో మోటారు తీయించావా?”

“ఇప్పుడే చెప్పాను కదా మామయ్యా!” గొంతు తనకే కటువుగా వినబడింది. నా మాట మీద నమ్మకం లేదన్నమాట, అనుకున్నాడు. ఆ పక్కనే ఇంకో ఆలోచన చల్లగా దూరింది. నమ్మకపోవడమే మంచిదేమో. వెళ్ళి తడిమి చూస్తే మంచిదేమో.

పెద్దాయన వెళ్ళలేదు. జాకీల తాతని పిలిచారు. ఆ ఇనుప మరలు బిగించడం, విప్పడం తప్ప తాతకి ఇంకో పని లేదు, ఇంకొకర్ని చెయ్యనివ్వడు కూడా.

“తాతా, పంపు గది వైపునుంచి మొదలుపెట్టు. కొద్దికొద్దిగా దించు. ఒక్కసారే వదలొద్దు. వెనకాలే పైపూత వాళ్ళు వస్తారు.”

“అక్కడినుంచే ఎందుకు మామయ్యా?” పెద్దల్లుడి నోటినుంచి వచ్చేసింది. “అది చివర కదా. మెట్ల దగ్గర్నుంచి మొదలుపెడితే...”

“చివర కాబట్టే. చివరినుంచి లోపలికి రావాలి. నీకు నేను నేర్పలేదూ?”

నేర్పారు. అన్నీ ఆయనే నేర్పారు. మూల తీసేటప్పుడు బొటనవేలు అంచు మీద నడిపిస్తే వేలు తెగుతుందేమో అన్నట్టు ఉండాలని నేర్పింది కూడా ఆయనే.

తాత తన పొడుగు కడ్డీ భుజాన వేసుకుని పంపు గది వైపు నడిచాడు. పెద్దల్లుడు అతని వీపు చూస్తూ నిలబడ్డాడు. ఒక్క మాట. తాతా, ఆగు. అంతే. ఆ తర్వాత ఎందుకని అడుగుతారు. వాడి ముందు అడుగుతారు. వాడు ఏమీ అనడు. మెత్తగా చూస్తాడు. ఆ చూపుని తలుచుకోగానే నోట్లోకి వచ్చిన మాట వెనక్కి పోయింది.

“అన్నయ్యా, ఒక్కసారి ఇలా వస్తావా?” చిన్నల్లుడు అతని మోచెయ్యి పట్టుకున్నాడు. “నీతో ఒక మాట ఉంది. ఎవరూ లేనిచోట.”

*

సామాను గదిలో బట్ట చుట్టలు నిలబెట్టి ఉన్నాయి. చిన్నల్లుడు తలుపు దగ్గరగా వేశాడు. చేతి తొడుగులు విప్పి, మళ్ళీ వేసుకుని, మళ్ళీ విప్పాడు.

“ఎలా చెప్పాలో తెలియక ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. గుండు ఇచ్చేలోగా నీకు తెలియాలి. ఒక పిల్లరుకి మూల గుండ్రంగా తీయలేదు.”

పెద్దల్లుడు పక్కనున్న డబ్బా మీద చెయ్యి ఆనించాడు.

“బట్ట ఇంకా తడిగా ఉండగా అరచేత్తో నిమురుతుంటే తగిలింది. కత్తిలా ఉంది అన్నయ్యా. అందంగా ఉంది కూడా. అలాంటి మూల నేను ఈ జన్మలో తీయలేను. ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక రెసిన్ ఆవిడా నేనూ బట్ట కోసేసి, మూల అరగదీసి, కొత్తది చుట్టాం. ఇప్పుడు బాగానే ఉంది. భయం లేదు.”

భయం లేదు! పెద్దల్లుడికి ముందు ఒళ్ళంతా తేలికైంది. ఊపిరి ఆడింది. దేవుడా, దేవుడా అనుకున్నాడు. ఆ తేలిక ఒక్క క్షణమే. దాని వెనకాలే కడుపులోంచి పాత మంట తన్నుకొచ్చింది.

అంటే వీడికి తెలుసు. ఇన్నాళ్ళూ తెలుసు. తెలిసే ‘అన్నయ్యా’ అని పిలిచాడు. తెలిసే ఆ జోకుకి నవ్వాడు. తను దుప్పటి కప్పుకుని నిద్రపట్టక దొర్లుతుంటే, వీడు ఆ తప్పుని చక్కగా సరిచేసి, చేతులు కడుక్కుని, హాయిగా పడుకున్నాడు. పని పోయింది, మామ పోయాడు, చివరికి తను చేసిన తప్పు కూడా తనకి మిగల్లేదు. దాన్నీ వీడే పట్టుకుపోయాడు.

“ఎవరు చేశారో తెలుసా?” అన్నాడు.

“తెలుసు.”

“మరి చెప్పవేం?”

“చెప్పను అన్నయ్యా. ఆయన పరువు నాకు ముఖ్యం. కావాలని చేసిన పని కాదు. చేతికి ఉన్న అలవాటు.”

ఎదురుగా నిలబెట్టి, మూడో మనిషి గురించి మాట్లాడినట్టు ‘ఆయన’ అంటున్నాడు. క్షమించడం కూడా ఇంత నాజూగ్గా! చెంప మీద కొట్టినా బాగుండేది.

“గొప్పవాడివయ్యా!” అన్నాడు పెద్దల్లుడు. “నీ అంత మంచివాడు లేడు. తప్పు చేసినవాణ్ణి కాపాడావు, ఆసుపత్రిని కాపాడావు. పో, వెళ్ళి గుండు తీసుకో. భుజం మీద చెయ్యి కూడా వేయించుకో. నీకెలాగూ అలవాటేగా.”

చిన్నల్లుడు తెల్లబోయి చూశాడు. “అదేంటి అన్నయ్యా, నేనేమన్నాను? గుండు నీకే ఇమ్మని మామయ్యతో ఎప్పుడో చెప్పాను. నిజంగా. ఆయన విన్నారో లేదో తెలియదు. ఈమధ్య ఆయనకి ఏం చెప్పినా...” అని ఆగిపోయాడు. “నేను అడిగేది ఒక్కటే. ఇంకెప్పుడూ ఆయన చేతికి తాపీ ఇవ్వొద్దు. నేను చెబితే బాగోదు. నువ్వు ఆయన దగ్గర పెరిగినవాడివి, నువ్వు చెబితే వింటారు. మెట్ల కింద పిల్లరు కాబట్టి నా చేతికి అందింది. వేరే ఎక్కడైనా అయితే?”

“ఏ పిల్లరు?”

“మెట్ల కిందది.”

పెద్దల్లుడు అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు.

మెట్ల కింద స్తంభం. ఆ రోజు కళ్ళకి కట్టింది. పెద్దాయనకి ఉన్నట్టుండి ఉత్సాహం వచ్చింది. ముక్కాలిపీట వేయించుకుని కూర్చుని, “తాపీ ఇలా తే” అన్నారు. విరిగిన మూలకి స్వయంగా పూత పెట్టారు. చుట్టూ పనివాళ్ళంతా చేరి చూశారు. వయసు మీదపడ్డా చెయ్యి వణకలేదని అందరూ మెచ్చుకున్నారు. పెద్దల్లుడు కూడా నిలబడి చూశాడు. చూసి ఏమనుకున్నాడు? ఈ మనిషి నాకు నేర్పాడు అని గర్వపడ్డాడు. మూల పదునుగా వచ్చిందన్న సంగతి ఆ గర్వంలో అతనికి తోచనే లేదు.

అంటే ‘ఆయన’ అన్నది మామగారిని. వీడు దాచింది మామగారి పరువు. పంపు గది మాట వీడికి అసలు తెలియదు.

“పంపు గది?” అన్నాడు మెల్లగా. “పంపు గది వెనక మూల నువ్వు చూడలేదా?”

“ఆ సందులోకి నా భుజం దూరలేదు. నిన్ను అడిగానుగా. నువ్వు చూశానన్నావు కదా అన్నయ్యా.”

ఎంత మామూలుగా అన్నాడో ఆ మాట! అన్నం పెట్టావా అంటే పెట్టాను అన్నంత మామూలుగా. చూశానన్నాడు కాబట్టి చూశాడు. అంతే. సుత్తితో తట్టి చూడని ఒకే ఒక్కటి వీడికి తోడల్లుడి మాట.

“ఒకవేళ చూడకపోతే?” అన్నాడు పెద్దల్లుడు.

చిన్నల్లుడి చేతిలో తొడుగు కదలడం ఆగిపోయింది.

“ఇవాళ ఏం కాదు” అన్నాడు నెమ్మదిగా. “రేపూ కాదు. పై అంతస్తు లేచి, మంచాలు పడి, మనుషులు నిండాక, ఎప్పుడో ఒకసారి నేల కదిలితే అప్పుడు. అప్పటికి మనం ఉంటామో లేదో. పైన పసిబిడ్డలుంటారు. సరిచెయ్యాలంటే జాకీలు బరువు మోస్తూ ఉండగానే చెయ్యాలి. దించేసి, పైపూత వేసేశాక ఇక ఎవరికి తెలుస్తుంది? అన్నయ్యా, నువ్వు నిజంగా...”

అప్పుడు వినబడింది. పంపు గది వైపునుంచి, ఇనుప మర తిరిగిన కీచు శబ్దం.

పెద్దల్లుడు తలుపు తోసుకుని పరుగెత్తాడు. రెసిన్ పళ్ళెం కాలికి తగిలి బోర్లా పడింది. ఆవిడ తిట్టిన తిట్టు అతని చెవిన పడలేదు.

“తాతా! ఆపు! దించకు! బిగించు, వెనక్కి బిగించు!”

*

అందరూ చేరారు. తాత కడ్డీని గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు, తన పనిని మధ్యలో ఆపినవాణ్ణి ఏం చెయ్యాలా అన్నట్టు చూస్తూ. “ఇంకా ఒక్క చుట్టే తిరిగింది. మళ్ళీ బిగించేశాను. ఏం కొంప మునిగింది?”

పెద్దాయన గుంపుని తోసుకుని ముందుకొచ్చారు. “ఎవరయ్యా ఆపమంది?”

పెద్దల్లుడు నోరు తెరిచాడు. పరుగెత్తి వచ్చిన ఆయాసంతో మాట రాలేదు. ఆలోగా పక్కనుంచి మెత్తటి గొంతు వినబడింది.

“నేనే మామయ్యా. పంపు గది పిల్లరు వెనక మూల పదునుగా ఉండిపోయింది. నేను చేత్తో చూడాల్సింది, చూడకుండా బట్ట చుట్టించాను. తప్పు నాది.”

పెద్దల్లుడు అతనివైపు తిరిగాడు. చిన్నల్లుడు తల వంచుకుని, మామూలుగా, నిలబడి ఉన్నాడు. నిజమే, చేత్తో చూడాల్సింది. ఆ ముక్క అబద్ధం కాదు. పనివాళ్ళ మొహాలు చూస్తే తెలుస్తోంది, ఈ మాటతో వాడు వాళ్ళ కళ్ళలో తగ్గలేదు, ఇంకాస్త పెరిగాడు. పెద్దాయన కూడా కోప్పడటం లేదు. ఇప్పుడు ఊరుకుంటే చాలు. ఊరికే నిలబడితే చాలు, అంతా గట్టెక్కిపోతుంది. మూల సరవుతుంది, మాట బయటపడదు, బహుశా గుండు కూడా తన చేతికే వస్తుంది.

వాడు ఇచ్చాడు కాబట్టి వస్తుంది.

“అబద్ధం!” అని అరిచాడు పెద్దల్లుడు. నడవా అంతా మోగింది. “ఆ మూల వాడిది కాదు. నాది! ఈ చేత్తో తీశాను. అరగదీయమన్నారని తెలిసీ తీశాను. చూశావా అని అడిగితే చూశానన్నాను. వాడిదేం లేదు అందులో. ఇదొక్కటైనా నాకు వదిలెయ్యమనండి మామయ్యా!”

పంతంతో అన్నాడు, పశ్చాత్తాపంతో కాదు. నిజం చెప్పిన పుణ్యం అతనికి దక్కుతుందా, అసూయకి దక్కుతుందా? నాకు తెలియదు. లెక్క చూసేవాడు పైన ఉన్నాడు. ఏదైతేనేం, కొన్నాళ్ళుగా గొంతులో ఇరుక్కున్నది బయటపడింది. పెద్దల్లుడికి ఏడుపూ నవ్వూ కాని ఏదో వచ్చి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

పెద్దాయన పంపు గదిలోకి వెళ్ళారు. సందులోకి చెయ్యి పెట్టి, బట్ట మీదినుంచే బొటనవేలిని పైనుంచి కిందికి నడిపించారు. చాలాసేపు నడిపించారు. బయటికి వచ్చేసరికి ఆయన మొహంలో కోపం లేదు.

“వేలు తెగేటట్టుంది” అన్నారు. “ఇది నా పెద్దల్లుడి చెయ్యే.”

ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన చెయ్యి పెద్దల్లుడి భుజం మీద పడింది. ఇలాంటి పనికా పడాలి అది! పెద్దల్లుడికి తల కొట్టేసినట్టయింది. ఆ చెయ్యి మాత్రం అక్కడే ఉండాలని కూడా అనిపించింది.

“కోసెయ్యండి” అన్నారు పెద్దాయన. “మూల అరగదీసి మళ్ళీ చుట్టండి. మీరిద్దరే చెయ్యండి, ఇంకెవరూ వద్దు. అయ్యాకే గుండు సంగతి.”

“చేస్తాం మామయ్యా” అన్నాడు చిన్నల్లుడు, గబగబా. అతను కత్తెర కోసం తిరుగుతుండగా జాకీల తాత కడ్డీ గోడకి ఆనించాడు. పని ఆపారన్న కోపం అతనికి ఇంకా పోలేదు.

“ఇది బాగానే ఉంది” అన్నాడు. “ఒకసారి చుట్టడం, మళ్ళీ కొయ్యడం. మొన్న మెట్ల కింద దానికీ ఇదే వరస. పొద్దున వచ్చేసరికి నల్లగుడ్డ ముక్కలన్నీ నా జాకీల మీద పడున్నాయి.”

రెసిన్ ఆవిడ తాత వైపు గుడ్లు ఉరిమి చూసింది. అప్పటికే ఆలస్యమైంది.

“మెట్ల కిందదా?” పెద్దాయన ఆగారు. “దాన్నెందుకు కోశారు? దానికీ మూల పదునుగానే వదిలారా?”

చిన్నల్లుడు కత్తెర కోసం సామాను కెలకసాగాడు. పెద్దల్లుడు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

“అడుగుతుంటే వినబడటం లేదూ?” పెద్దాయన జేబులోంచి గుండు తీసి దారం వేలికి చుట్టుకున్నారు, కోపం వస్తే ఆయనకి అది అలవాటు. ఒకరి మొహంలోంచి ఒకరి మొహంలోకి చూశారు. ఆ చూపులో దాపరికం లేదు, వేళాకోళం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నారు.

“ఆ రోజు అక్కడ మూలకి పూత పెట్టింది ఎవరయ్యా? నేను వచ్చి చూడనేలేదు. మీ ఇద్దరిలో ఎవరు?”

పొద్దున తనని చిన్నల్లుడూ అని పిలిచిన పిలుపు, మోటారు గురించి రెండోసారి అడిగిన ప్రశ్న పెద్దల్లుడి చెవుల్లో మళ్ళీ పలికాయి. ఈసారి చిన్నచూపులా కాదు, మరపులా పలికాయి. అతను తోడల్లుడి వైపు చూశాడు. తోడల్లుడు అప్పటికే అతని వైపు చూస్తున్నాడు. సామాను గదిలో సగంలో ఆపేసిన మాట ఆ కళ్ళలో ఉంది.

వేలికి వేలాడుతున్న ఇత్తడి గుండు ఇద్దరి మధ్యా అటూ ఇటూ ఊగుతోంది. పెద్దాయన జవాబు కోసం ఎదురుచూస్తున్నారు.